సరోజ చాప

తెనాలిలో రాత్రి ఎక్కిన రైలు సికింద్రాబాద్ చేరేసరికి ఉదయం ఆరున్నర. తొంభైల మొదట్లో ఒక డిసెంబరు. అప్పటికి ఏడాదిగా నలుగురి మధ్యా, మూసిన గదుల్లోనూ నాకు ఊపిరి అందడం లేదు. గుండె బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి అన్నారు డాక్టర్లు. టెలిగ్రాఫ్ ఆఫీసులో నా పక్క సీటావిడ, ఫిల్మ్‌నగర్‌లో యోగా నేర్పే సుభద్రమ్మగారి చిరునామా రాసిచ్చింది. రెండు రోజులు సెలవు పెట్టి బయల్దేరాను.

సిటీ బస్సు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర దింపింది. ఎనిమిదైనా మంచు వీడలేదు. ఆటో మాట్లాడుకున్నాను. రోడ్డుకు రెండు వైపులా ఇళ్లకన్నా ఎత్తైన బండలు, ఎవరో ఒకదాని మీద ఒకటి నిలబెట్టి వెళ్లిపోయినట్టున్నాయి. పెద్ద పెద్ద గేట్లన్నీ మూసి ఉన్నాయి. మనిషి అలికిడి లేదు. ఫిల్మ్‌నగర్ మలుపులో ఒక కోట గోడ కనిపించింది. దాటి వెనక్కి చూస్తే వెదురు కర్రల ఆసరా తప్ప ఏమీ లేదు.

"షూటింగ్ అయిపోయింది, సెట్టు ఇంకా తియ్యలేదమ్మా," అన్నాడు ఆటో అతను. "గాలొస్తే లోపల ఎవరో నడిసినట్టు చప్పుడైతది."

సుభద్రమ్మగారిది బందరు. డెబ్భై దాటాయి. నేను వెళ్లేసరికి వరండాలో పలక మీద ఉర్దూ అక్షరాలు దిద్దుతున్నారు. ఎదురింటి వాచ్‌మన్ ఆవిడకు గురువట. నా బాధంతా విన్నారు గానీ ఏ ఆసనమూ చెప్పలేదు. అన్నం పెట్టి, మేడమీద గదిలో పడుకోమన్నారు. మర్నాడు తెల్లవారుజామున ఐదున్నరకి క్లాసుకి రమ్మన్నారు.

క్లాసు ఇంటి వెనక రేకుల షెడ్డులో. కృష్ణానగర్ నుంచి వచ్చిన డాన్సర్లు, ఫైటర్లు ఏడుగురు అప్పటికే చాపల మీద ఉన్నారు. ఎనిమిదో చాప ఖాళీగా ఉంటే కూర్చోబోయాను. పక్కనున్న యాదగిరి అనే ఫైటర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"గా జాగా సరోజది, అక్కా. జర ఇటు కూసో."

ఆలస్యంగా వచ్చే అమ్మాయి కాబోలనుకుని, ఆ చాపకి ఇవతల నా దుప్పటి పరిచాను. సుభద్రమ్మగారు వచ్చి, చలికి తలుపు మూశారు. దీపం తగ్గించి అందరినీ కళ్లు మూసుకుని పడుకోమన్నారు. తలుపు గడియ చప్పుడు విన్నప్పటి నుంచే నాకు ఊపిరి అందడం లేదు. లేచి పారిపోదామనుకున్నాను.

అప్పుడు నా ఎడమ పక్క నుంచి ఊపిరి వినిపించింది. దీర్ఘంగా లోపలికి, కాస్త ఆగి, మెల్లగా బయటికి. నా రొమ్ము దాని వెంటే కదిలింది. ఏడాది తర్వాత నిండా ఒక ఊపిరి పీల్చుకున్నాను. సరోజ వచ్చిందన్నమాట అనుకున్నాను.

సుభద్రమ్మగారి అడుగులు మా దగ్గరికొచ్చి ఆగాయి. "మెడ బిగించకు, సరోజా," అన్నారు నెమ్మదిగా.

కళ్లు తెరిచాను. చాప మీద ఎవరూ లేరు. ఆవిడ వంగి ఆ ఖాళీ వైపే చూస్తున్నారు. తక్కినవాళ్లెవరూ కదల్లేదు. ఊపిరి మాత్రం ఇంకో రెండుసార్లు వినిపించి ఆగిపోయింది.

కాఫీ తాగేటప్పుడు సుభద్రమ్మగారిని అడిగాను. సరోజ సినిమా పాటల్లో గుంపులో ఆడే డాన్సరు. ఎత్తంటే హడలిపోయేదట. బండ మీద పాట తీస్తున్నారు, కాస్త ధైర్యం నేర్పండి అని వచ్చిందట. నెల రోజుల్లో ఆవిడ ఆ భయం పోగొట్టారు. షూటింగ్ రోజు ఆ పిల్ల నవ్వుతూ అంచుదాకా వెళ్లింది. కాలి కింద చూసుకోలేదు.

"భయం లేకపోవడమే ఆరోగ్యమని ముప్పై ఏళ్లు చెప్పానండీ," అన్నారు. "తప్పు చెప్పానని తెలియడానికి అది చచ్చిపోవాల్సొచ్చింది. అందుకే ఈ వయసులో మళ్లీ పలక పట్టాను. తప్పు దిద్దించుకోవడం అలవాటు కావాలి కదా."

ఆమె నిజంగా అక్కడ ఉందా అని అడిగాను.

"నాకు తెలియదు. తెలియనిది తెలుసని చెప్పడం మానేశాను."

మీరు సంతోషంగా ఉన్నారా అని కూడా అడిగేశాను. ఆవిడ కోపగించుకోలేదు. కొత్త అక్షరం వచ్చిన పొద్దున ఉంటారట, ఆ చాప పరిచేటప్పుడు ఉండరట. రెండూ ఒక్క రోజులోనే జరుగుతాయట. నా భయం మాత్రం తీసెయ్యనన్నారు. "దాన్ని దాచకండి. పక్కనున్నవాళ్లకి చెప్పండి. ముందు అంతవరకు నేర్చుకోండి."

సాయంత్రం తిరుగు రైలు కిటకిటలాడుతోంది. కాజీపేట దాటాక నాకు మళ్లీ ఊపిరి అందలేదు. చెవులు రిక్కించాను. చక్రాల మోత తప్ప ఏ ఊపిరీ లేదు. ఎదురుగా ఒక ముసలావిడ జామకాయలు కోస్తోంది. ఇంట్లోవాళ్లకి కూడా ఎన్నడూ చెప్పని మాట ఆవిడతో అన్నాను.

"నాకు భయంగా ఉందండీ."

ఆవిడ కత్తి పక్కన పెట్టి, ఎందుకని అడగకుండా నా చెయ్యి పట్టుకుంది. ఖమ్మం దాకా వదల్లేదు.

జబ్బు నయమైందా అంటే లేదనే చెబుతాను. ఫిల్మ్‌నగర్ కొండమీదికి వెళ్లేవాళ్లు శాలువా తీసుకెళ్లండి, పొద్దున బాగా చలి. ఆ షెడ్డులో నేను విన్నదేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. నా ఊపిరి మాత్రం కాదు.