తొమ్మిది నొక్కితే ఓనరుగారు

పటమటలో చీరల హోల్‌సేల్ ఆఫీసులో రిసెప్షనిస్టుగా కొత్తగా చేరిన రోజులవి. మా ఫోన్లలో బయటికి కాల్ చేయాలంటే ముందు తొమ్మిది నొక్కాలి. ఓనరుగారేమో తొమ్మిది తన అదృష్టసంఖ్యంటూ పట్టుబట్టి, తన గది ఫోనుకూ అదే నంబరు పెట్టించుకున్నారు. ఆ పూటనుంచి ఒక్క కాలూ బయటికి పోతే ఒట్టు!

ఫోన్లు బాగుచేసే మెకానిక్కుకి చెబుదామని, అలవాటుగా తొమ్మిది నొక్కి అతని నంబరు కొట్టాను. ‘హలో’ వినగానే అందుకున్నాను.

“మా ఓనరుగారి తొమ్మిది పిచ్చితో చస్తున్నామండీ! ఆయన భోజనానికి వెళ్ళగానే వచ్చి, గుట్టుగా ఆ నంబరు మార్చేసి పోండి.”

“నేనింకా భోజనానికి వెళ్ళలేదమ్మా,” అంది అవతలి గొంతు. “పొద్దుట్నుంచీ అందరూ నాకే చేసి, నా గొంతు వినగానే ఎందుకు పెట్టేస్తున్నారో ఇప్పుడర్థమైంది.”

ఉద్యోగం పోయిందనుకున్నాను. పోలేదు, సాయంత్రానికి ఆయన నంబరే మారింది. ఇప్పుడది పద్దెనిమిది. ఒకటీ ఎనిమిదీ కలిపితే తొమ్మిదేనట! నేను మాత్రం ఈనాటికీ అవతల ఎవరో అడగందే నోరు విప్పను.