చుక్కాని పట్టే చెయ్యి

మా నాన్న పిల్లల కోసం పడవ కొన్నానని చిలకలగూడ అంతా చెప్పుకున్నాడు. అబద్ధం. కొన్నది అన్న కోసం. ఇంకా నిజం చెప్పాలంటే అన్న కోసం కూడా కాదు, స్పోర్ట్స్ కోటాలో వచ్చే ఇంజనీరింగ్ సీటు కోసం. రాంగోపాల్‌పేట్‌లో పైపులు, నల్లాల దుకాణం మాది. అక్కడికి వచ్చే గిరాకీ ఒకాయన నాన్న చెవిలో వేశాడు: క్రికెట్ అయితే ఊరంతా ఆడుతుంది, సెయిలింగ్ ఎవరు చేస్తారు, పోటీల్లో కాస్త నిలబడితే సర్టిఫికెట్ చేతికొస్తుందని.

నెల తిరక్కుండా ఒక పాత డింగీ ట్రాలీ ఆటో ఎక్కి మా గల్లీలోకి వచ్చింది. తెల్లటి ఫైబర్ పడవ, ఒక తెరచాప, వెనక చుక్కాని, దాన్ని తిప్పడానికి ఒక కర్ర. ట్రాన్స్‌ఫర్ మీద వెళ్లిపోతున్న ఒక మిలటరీ ఆఫీసర్ పిల్లలదట. అమ్మ పసుపు కుంకుమ పెట్టింది. కొత్త బండికైతే టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. దీనికి టైర్లు లేవని నాన్న కాసేపు పరేషాన్ అయ్యాడు. చివరికి ట్రాలీ టైర్ల కిందే పెట్టించాడు. అలా ఎవరి బండికో మా ఖర్చుతో పూజ జరిగింది.

అప్పుడు నాకు పదకొండేళ్లు, అన్నకు పద్నాలుగు.

నా ఎడమ చెయ్యి సంగతి కూడా చెప్పాలి. పుట్టుకతోనే నాది పుర్రచేతి వాటం. ఎడమ చేత్తో బోణీ చెయ్యబోయిన గిరాకీని వెనక్కి పంపే మనిషి నాన్న. అలాంటి మనిషి ఇంట్లోనే ఎడమ చెయ్యి పుట్టింది. దుకాణంలో కొలతలకు వాడే స్టీలు స్కేలు ఒకటి తెచ్చి, అన్నాల దగ్గర తన కంచం పక్కన పెట్టుకునేవాడు. నా ఎడమ చెయ్యి దేని మీదికి పోయినా దెబ్బ వేళ్ల కణుపుల మీద పడేది. ఆ దెబ్బ తప్పించడానికి అమ్మ ముందే నా చేతిని నా చున్నీతోనే నడుముకు కట్టేసేది. అమ్మకు నా మీద ప్రేమ ఉండేది కానీ ఆ ముడి దాకానే. బళ్లో కుడి చేత్తో నేను గీకిన అక్షరాలు చూసి టీచర్లు నాకు బుర్ర లేదని తేల్చారు. నేనూ నమ్మాను.

హుస్సేన్ సాగర్ ఒడ్డున పిల్లలకు సెయిలింగ్ నేర్పే చోట పడవ పెట్టించాడు నాన్న. అక్కడి కోచ్ నేవీలో చేసి రిటైరైన మనిషి. మొదటి రోజే చెప్పాడు: గాలి ఏ పక్క నుంచి వస్తే ఆ పక్కన కూర్చోవాలి, వెనకవైపు ఉన్న చెయ్యి కర్ర మీద ఉండాలి. గాలి ఎడమ నుంచి వస్తే కర్ర కుడి చేతిలో ఉంటుంది. పడవ తిరిగాక గాలి కుడి పక్క నుంచి తగులుతుంది, అప్పుడు మనమూ ఆ పక్కకు మారాలి, కర్ర ఎడమ చేతిలోకి రావాలి.

"ఎడమ చేతిలకా?" అన్నాడు నాన్న.

"పడవకు రెండు చేతులూ ఒకటే సార్."

"మా ఇంట్ల కాదు." అన్న వైపు తిరిగి, "ఎటు తిరిగినా కుడి చెయ్యే పెట్టురా. అదే అలవాటైతది" అన్నాడు.

ఇక చూడాలి మా అన్న సెయిలింగ్. పోవడం రాజాలా పోయేవాడు. తిరిగి రావాల్సి వచ్చేసరికి ఒళ్లంతా మెలితిప్పి, కుడి చెయ్యి వెనక్కి పెట్టి, పడవను తీసుకెళ్లి గుర్రపు డెక్కలో దూర్చేవాడు. మోటారు బోటు వచ్చి లాక్కొచ్చేది. ప్రతి ఆదివారం ఇదే. నాన్న గాలిని తిట్టేవాడు, కోచ్‌ను తిట్టేవాడు, బరువు కోసమని ముందు కూర్చోబెట్టిన నన్ను తిట్టేవాడు. అన్నకు ఈ పడవ గోలే వద్దు. కానీ ఆ మాట అనే ధైర్యం లేదు.

ఒక ఆదివారం అన్నకు జ్వరం. నాన్న చాయ్ కోసం రోడ్డు దాటి పోగానే కోచ్ నా వైపు చూసి, "ఎక్కు" అన్నాడు. వెళ్లాను. దూరంగా బెలూన్‌లా తేలే గుర్తు దగ్గర పడవను తిప్పి పక్క మారాను. కర్ర ఎడమ చేతిలోకి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ దొంగను కట్టేసినట్టు కట్టేసిన చెయ్యి, ఎవరూ నేర్పకుండానే అంతా తెలిసినట్టు పనిచేస్తోంది. నీళ్లు కంపు కొడుతున్నాయి, నాకది పట్టనే లేదు. నాకు బుర్ర లేదన్నది అబద్ధమని ఆ నీళ్ల మీద తెలిసింది.

ఒడ్డున నాన్న నిలబడి ఉన్నాడు. అందరి ముందూ చెంప మీద కొట్టాడు.

"అమ్మాయిని పోటీలకు పంపండి. బాబుకు ఇంకా టైం పడుతుంది" అన్నాడు కోచ్.

"సీటు వానికి గావాలె. దీనికెందుకు?" అన్నాడు నాన్న.

కొడుకు చేతిలో నడవని పడవ కూతురి చేతిలో నడవడం ఆయన ఓర్చుకోలేకపోయాడు. అమ్మకానికి పెట్టాడు. నేను కాళ్లు పట్టుకున్నాను. "పడవ అమ్మకు నాన్నా. ఇంక జన్మల ఏం అడగను" అన్నాను. కాలు విదిలించుకుని దుకాణానికి వెళ్లిపోయాడు. అంతగా నేను ఇంకేదీ కోరుకోలేదు, అప్పుడూ ఇప్పుడూ.

మల్కాజ్‌గిరి నుంచి ఒకాయన ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని చూడటానికి వచ్చాడు. నడిపి చూపిస్తేనే కొంటానన్నాడు. నాన్న అన్న వైపు చూశాడు. అన్న నేల చూశాడు. అప్పుడు నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు.

"జెర చూపియ్యి బిడ్డా. రెండు దిక్కుల తిప్పి చూపియ్యి."

నేను నా ఎడమ చేతి వైపు చూశాను.

"ఏ చేత్తోనన్న పట్టు" అన్నాడు మెల్లగా.

పాడు చేస్తే పడవ మిగులుతుంది. ఒక్కసారి గుర్రపు డెక్కలోకి పోనిస్తే చాలు, అన్న ప్రతి వారం చేసేదే. అలాగే చెయ్యాలని గట్టిగా అనుకునే ఎక్కాను. గుర్తు దగ్గర తిరిగాను, పక్క మారాను, కర్ర ఎడమ చేతిలోకి వచ్చింది. ఆ చేతికి తప్పు చెయ్యడం చేతకాలేదు. ఇంతలో ఒడ్డు మీది నుంచి నాన్న గొంతు వినబడింది.

"చూసిండ్రా సార్, ఎడమ చెయ్యి సుత ఎట్ల ఆడుతదో! నా బిడ్డ!"

ఆ మాట ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు. ఇంకోసారి అంటాడేమోనని ఇంకా బాగా నడిపాను. నేను ఒడ్డుకు చేరేసరికి బేరం అయిపోయింది. ఆ ఇద్దరు పిల్లలు అప్పుడే తెరచాప పట్టుకుని చూస్తున్నారు.

ఇంటికి వచ్చేటప్పుడు నాన్న డబల్ కా మీఠా కొన్నాడు. రాత్రి అందరం కూర్చున్నాం. ఆ రోజు అమ్మ నా చెయ్యి కట్టలేదు, నేనూ అడగలేదు. నాన్న నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నేను మీఠా గిన్నె కోసం ఎడమ చెయ్యి చాపాను.

కణుపుల మీద స్కేలు పడింది. అమ్మ గిన్నె తీసి నా కుడి పక్కకు జరిపింది.