సమ్మమ్మ ఎర కట్టిన తీరు

సమ్మమ్మ చెయ్యి పెట్టిన బొరియలో ఎండ్రకాయ మిగలదని కట్టయ్య అంటాడు. పెళ్లాన్ని మెచ్చుకోవడం కట్టయ్యకు బొత్తిగా అలవాటు లేని పని కనుక ఈ ఒక్క మాటా కళ్లు మూసుకుని నమ్మవచ్చు. నెక్కొండకు నాలుగు కిలోమీటర్ల దూరంలో వాళ్ల ఊరు, ఊరి వెనక వాగు. వానలు పడి వాగులోకి కొత్తనీళ్లు వచ్చాయంటే సమ్మమ్మ కాళ్లు ఇంట్లో నిలవవు. పన్నెండో ఏట తల్లి వెంట వాగులో దిగిన మనిషికి ఇప్పుడు యాభై ఆరు నడుస్తున్నాయి. ఒడ్డు వెంట వంగి నడుస్తూ, బొరియ ముందరి మట్టి తడిని చూసి లోపల ఉన్నది ఎండ్రకాయో, కప్పో, పామో చెప్పేస్తుంది. భుజం దాకా చెయ్యి దూర్చి, డొప్పను వెనక నుంచి అదిమి పట్టి, బయటికి లాగేస్తుంది. కత్తెర లాంటి రెండు పెద్ద కాళ్లూ గాలిలో ఆడుతుంటే, వాటి వైపు చూసి నవ్వుతుంది కూడా.

వారానికి రెండుసార్లు నెక్కొండలో ప్యాసింజరు బండి ఎక్కి వరంగల్‌లో దిగేది. తడి గోనెసంచి కప్పిన బకెట్టు పట్టుకుని కాశిబుగ్గ గల్లీల్లో తిరిగేది. ఆమె కేక వినపడితే చాలు, జలుబు పట్టిన ఇళ్లన్నీ తలుపులు తీసేవి. ఎండ్రకాయల పులుసు తాగితే ముక్కు విడుస్తుందని, నడుము నొప్పి పోతుందని, బాలింతకు బలమని సమ్మమ్మ చెప్పేది. వీటిలో ఎన్ని నిజమో గానీ ఆమె చెప్తుంటే వినేవాళ్లకు నోరూరేది. అది మాత్రం నిజం.

ఇట్లా సాగుతున్న బతుకులో పోయిన వానకాలం ఒక ఎండ్రకాయ అడ్డుపడింది. బొరియలో సమ్మమ్మ చూపుడువేలిని పట్టుకుని వదల్లేదు. అలాంటి కాట్లు ఆమె జీవితంలో వందలు. పసుపు అద్ది, గుడ్డ చుట్టి, మరునాడు మళ్లీ వాగుకు పోయింది. కానీ ఆమెకు షుగర్ ఉందన్న సంగతి వేలికి గుర్తున్నా ఆమెకు గుర్తులేదు. మూడో రోజుకు చెయ్యంతా వాచింది. కూతురు సుకన్య హనుమకొండలో ఒక దవాఖానలో నర్సు. తల్లిని అక్కడికే తీసుకుపోయి తొమ్మిది రోజులు మంచం మీద పడుకోబెట్టింది. వేలు దక్కింది, కానీ వంగదు.

ఇంటికి పంపే రోజు సుకన్య తల్లి చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకుంది.

"ఇంకోసారి బొరియల చెయ్యి పెడితే నా మీద ఒట్టే అమ్మా."

ఒట్లలో కూడా తేడాలుంటాయి. దేవుడి మీద ఒట్టయితే ఒక కొబ్బరికాయ కొట్టి సర్దుబాటు చేసుకోవచ్చు. మొగుడి మీద ఒట్టయితే ఆ కొబ్బరికాయ కూడా అక్కర్లేదు. కన్నబిడ్డ మీద ఒట్టుకు మాత్రం ఏ సర్దుబాటూ లేదు. సమ్మమ్మ నోరు మూసుకుని ఇంటికి వచ్చింది.

ఈ ఏడు వానలు మొదలయ్యాయి. వాగు పొంగిన చప్పుడు ఇంట్లోకి వినిపిస్తుంటే సమ్మమ్మకు అన్నం సయించలేదు. రెండు రోజులు చూసి కట్టయ్య సంతకు పోయి నాలుగు వెదురు బుట్టలు తెచ్చాడు. చేపలకు పెట్టే రకం బుట్టలు. మూతి లోపలికి సన్నగా పోతుంది, లోపలికి దిగింది తిరిగి రావడం కష్టం. ఎర పెట్టి రాత్రి నీళ్లలో ఉంచితే పొద్దున తీసుకోవచ్చు, బొరియ జోలికి పోనక్కర్లేదు. ఈ సంగతి ఫోనులో చెప్తే సుకన్య అంత తేలిగ్గా ఒప్పుకోలేదు.

"బుట్టలల్ల పడితే మంచిదే. పడకపోతేనో? ఉత్త బుట్టలు పట్టుకొని వాగు పొంటి తిరుగుతాంటే, కండ్ల ముంగట బొరియ కనబడితే నీ చెయ్యి ఊకుంటదా? నాకు తెల్వదా నీ సంగతి? నెల రోజులు చూస్త. నెలయినంక ఆదివారం నేనే వచ్చి బుట్టలు లేపుత. ఏం లేకపోతే వాగు బందు. హన్మకొండకు వచ్చి నా దగ్గర కూసోవాలె."

"కూసొని ఏం జెయ్యాలెనే?"

"టీవీ చూడు."

వాగులో దిగని సమ్మమ్మ అంటే ఎవరో ఆమెకే తెలియదు. ఆమె భయమంతా అదే.

చికెన్ షాపుకు పోయి కోడి పేగులు, తోలు తెచ్చుకుంది. తెచ్చి ఏం చేసింది? ఉప్పు వేసి రుద్ది, పసుపు వేసి రుద్ది, మూడు నీళ్లు కడిగింది. నీసు వాసన పోయేదాకా కడగని మాంసం ఆమె చేతుల మీదుగా ఏనాడూ గడప దాటలేదు. ఆ శుభ్రమైన ఎరను నాలుగు బుట్టల్లో పెట్టి, నాలుగు రోజులు వరసగా చూసింది. ఎర పెట్టింది పెట్టినట్టే ఉంది, తళతళలాడుతూ. ఒక్క ఎండ్రకాయ కూడా ఆ దిక్కు రాలేదు. వాటికి కావలసిన వాసనంతా ఇంటి వెనక మోరీలో పోయిందని ఆమెకు తట్టనే లేదు. అయిదో రోజు ఆమె చేటలో పసుపు అద్దిన పేగులు చూసి కట్టయ్య పడీపడీ నవ్వాడు.

"ఏమే, ఎండ్రకాయలతోని చుట్టరికం కలుపుతానవా? ఉప్పాయె, పసుపాయె. రేపు జర కారం, అల్లమెల్లిగడ్డ గూడ పెట్టు. కూసొని తిని పోతయి."

మొదట కోపమొచ్చింది, తర్వాత ఆమె కూడా నవ్వింది. ఆ రోజు నుంచి కడగడం మానేసింది. ఎరను దారంతో బుట్ట అడుగుకు కట్టింది. పొద్దున చూస్తే దారం ముక్కలు మిగిలాయి, ఎర లేదు. ఎండ్రకాయకు దేవుడిచ్చిందే కత్తెర, దాని ముందర దారమెంత? మరునాడు సన్న ఇనుప తీగతో బిగించి కట్టింది. తీగ ఉంది, ఎర జారిపోయింది. మెత్తటి పేగులు ఎంత బిగిస్తే అంత త్వరగా తెగిపోతాయి. ఈసారి ఎరను పాత చీర పేలికలో మూటగట్టి పెట్టింది. పేలిక సహా మాయమైంది.

ఇదంతా ఎట్లా జరుగుతోందో చూడాలని ఒకరోజు తెల్లవారకముందే పోయి ఒడ్డున కూర్చుంది. వెలుతురు వచ్చేసరికి నీళ్లు తేటగా ఉన్నాయి. ఒక బలిసిన ఎండ్రకాయ బుట్ట మూతి దగ్గర నిలబడింది. లోపలికి పోలేదు. నీళ్ల వాలుకు కట్టు వదులై ఎర మూతి దాకా కొట్టుకొచ్చి ఉంటే, బయట నిలబడే కాలు లోపలికి చాపి, కిటికీలోంచి అప్పాలు దొంగిలించే పిల్లాడిలా కొంచెం కొంచెం లాక్కుని తింటోంది. నలభై నాలుగేళ్లు ఎండ్రకాయలను ఏడిపించిన మనిషిని ఒక ఎండ్రకాయ ఇట్లా ఏడిపించింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని ఊరికే అన్నారా! తిని ముగించి అది నింపాదిగా నడిచి, సమ్మమ్మ కాళ్లకు జానెడు దూరంలో ఉన్న బొరియలోకి దూరింది. ఆ పూట ఆమె వాగు నుంచి ఎట్లా ఇంటికి వచ్చిందో ఆమెకే తెలియాలి.

మూడు వారాలు గడిచాయి. నాలుగు బుట్టల్లో కలిపి పడినవి రెండే రెండు, అవీ దారి తప్పి వచ్చినవి.

కాశిబుగ్గలో కళావతి అని ఒక చేనేత మనిషి ఉంది. సమ్మమ్మకు ఇరవై ఏళ్ల గిరాకీ, అంతకంటే ఎక్కువ స్నేహితురాలు. ఈ ఏడు ఇక ఎండ్రకాయలు రావని ఆమెకు ఒక మాట చెప్పిపోదామని ఖాళీ చేతులతో రైలెక్కింది. కళావతి మగ్గం మీద కూర్చుని జంపఖానా నేస్తోంది. పని ఆపకుండానే కథంతా విన్నది. పేగులకు పసుపు రుద్దిన ఘట్టం దగ్గర మాత్రం మగ్గం ఆపి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"నవ్వకే చెల్లె. నా పానం పోతాంది."

"అక్కా, నువ్వు ఎరను కడుతానవ్. కడితే ఆగదు," అంటూ కళావతి చేతిలోని నాడెను, మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే ఆ పడవలాంటి కట్టెను, ఆమె ముందు పెట్టింది. నూలు చుట్టిన కండె ఆ కట్టె నాడె కడుపులో పడుకుని ఉంది. "ఇది పొద్దుందాక ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఉరుకుతది. కండె ఊడిందా? ఊడదు. నేను కట్టిన్నా? కట్టలే. నడుమల సువ్వ ఉన్నది, కండెను దానికి గుచ్చిన. చుట్టూత కట్టె ఉన్నది. ఇగ దారమొక్కటే బయటికొస్తది."

సమ్మమ్మ నాడెను చేతిలోకి తీసుకుంది. కండెను లాగి చూసింది, తిప్పి చూసింది. తిరుగుతోంది గానీ రావడం లేదు.

"అంటే వాసన రావాలె, ఎర రావొద్దు," అంది మెల్లగా.

"గంతే."

కళావతి పోసిన చాయ్ కూడా తాగకుండా సమ్మమ్మ లేచి స్టేషను దారి పట్టింది.

ఆ సాయంత్రం కట్టయ్య పొలం నుంచి వచ్చేసరికి అతని పాత సైకిలు తలకిందులుగా ఉంది. వెనక చక్రంలో నాలుగు పుల్లలు లేవు.

"ఓర్నీ! ఎండ్రకాయలను ఇడిసిపెట్టి నా సైకిల్ మీద పడ్డవా?"

"నువ్వు ఎక్కి ఎన్నేండ్లాయె? ఆ పాత కోళ్ల జాలి ఎక్కడున్నదో తే, పో."

కట్టయ్య గొణుక్కుంటూనే ఆ ఇనుప వల జాలి తెచ్చాడు, గొణుక్కుంటూనే కత్తిరించాడు. ఇద్దరూ వాకిట్లో కూర్చుని జాలి ముక్కలను అరచేతి పొడవు గొట్టాలుగా చుట్టారు. ఈసారి పేగులు కాదు, ఎముక ఉన్న కోడి మెడలు. మెడను గొట్టంలో పెట్టి, సైకిలు పుల్లను బుట్ట పైనుంచి దించి, మెడలోంచి గుచ్చి, అడుగు వెదుర్లోంచి బయటికి తీసి, రెండు కొనలూ వంచేశారు. ఎర బుట్టకు నట్టనడుమ నిలబడింది. మూతి నుంచి ఏ కాలు చాపినా అందదు. తినాలంటే లోపలికి రావాల్సిందే, వచ్చినా జాలి సందుల్లోంచి గిల్లుకోవాల్సిందే తప్ప ఊడబీక్కుని పోయేందుకు లేదు.

ఇల్లు అలకగానే పండగ కాదు. మరునాడు చూస్తే గొట్టాలన్నీ పుల్ల వెంట జారి అడుగున బురదలో కూరుకుపోయాయి. సమ్మమ్మ ఈసారి దిగులు పడలేదు. తప్పు ఎక్కడుందో కంటికి కనిపించాక దిగులెందుకు? గొట్టం కింద పుల్లను చిన్న కొక్కెంలా వంచింది, గొట్టం దాని మీద కూర్చుంది. ఆ తర్వాతి రోజు ఒక బుట్టలో మూడు పడ్డాయి, ఇంకో దాంట్లో ఒకటి. ఆమె నీళ్లలో నిలబడే "ఏమయ్యో!" అని కేక వేస్తే, ఏ పామో కరిచిందనుకుని కట్టయ్య నాగలి పని వదిలేసి గట్ల మీదుగా ఉరికి వచ్చాడు.

అన్న మాట ప్రకారం ఆదివారం పొద్దున్నే సుకన్య ఆటో దిగింది. చాయ్ తాగమంటే తర్వాత అంది. నేరుగా వాగు దారి పట్టింది. ఇన్స్పెక్షనుకు వచ్చిన పెద్ద డాక్టరు కూడా అంత బిగుసుకుని నడవడు. పోయాక మొదటి బుట్టను తనే లేపింది. నీళ్లు కారిపోతుంటే లోపల గరగరమని చప్పుడు. జాలి గొట్టాన్ని చుట్టుముట్టి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఏడు ఎండ్రకాయలు. రెండో బుట్టలో అయిదు. మూడోది లేపలేక తండ్రిని పిలిచింది. బిగుసుకున్న ముఖం ఎప్పుడు విచ్చుకుందో గానీ, నాలుగో బుట్ట వచ్చేసరికి చిన్నపిల్లలా చప్పట్లు కొడుతోంది.

బకెట్టులోకి వంపుతుండగా అన్నిటికంటే పెద్దది అంచు మీంచి జారి కింద పడింది. అడ్డంగా ఉరికి ఒడ్డున ఉన్న బొరియలో దూరింది. సమ్మమ్మ చెయ్యి దాని వెంటే పోయింది. నలభై నాలుగేళ్ల చెయ్యి, అడిగి కదలదు. బొరియకు బెత్తెడు దూరం దాకా పోయి, అక్కడ ఆగిపోయింది. అయిదు వేళ్లూ అట్లాగే గాలిలో ఉన్నాయి. సుకన్య చూస్తూనే ఉంది. సమ్మమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పోనీ. రేపు అదే వస్తది," అంది.

కట్టయ్య కూతురి పక్కన వచ్చి నిలబడ్డాడు. "గిదే బిడ్డా, నెలంత చూసిన. నాకు తెల్వకుంట వచ్చేది, నేనామెకు తెల్వకుంట ఎనుక వచ్చేది. ఉత్త బుట్ట ఒక దిక్కు, నిండు బొరియ ఒక దిక్కు. చెయ్యి కొంగుల చుట్టుకొని నిలబడేది. ఒక్కపాలి ఏడ్చింది గూడ. చెయ్యి మాత్రం పెట్టలే. నువ్వు చూస్తానవనా, నేను చూస్తాన్ననా? ఎవలు చూసిన్రని?"

తల్లి మాట తప్పుతుందనే నమ్మకంతో నెల రోజులు గడిపినందుకు సుకన్య సిగ్గుపడింది. దగ్గరికి పోయి తల్లి తడి చెయ్యి పట్టుకుని, వంగని ఆ వేలిని నిమిరింది.

"అమ్మా, ఒట్టు తీసేస్తాన్ననే."

"ఎందుకే తీసుడు? ఉండనీ. ఆ ఒట్టే లేకపోతే నేను గీ బుట్టల మొకం చూద్దునా?" అని సమ్మమ్మ నవ్వింది. "మళ్ల ఎర పెట్టాలె. నిలబడి చూస్తవా, వస్తవా?"

సుకన్య చెప్పులు విడిచి, పైజామా మోకాళ్ల పైకి మడిచి నీళ్లలో దిగింది. సమ్మమ్మ కోడిమెడను జాలిలో పెట్టి పట్టుకుంది, సైకిలు పుల్లను కూతురి చేతికిచ్చింది. పుల్ల మొదటిసారి పక్కకు పోయింది, రెండోసారి నడుమకు దిగింది.