మూడు మేకుల శెట్టి

బద్వేలు నాగసుబ్బయ్య శెట్టికి పనులు కాగితం మీద రాసుకుంటే నచ్చదు. పనిని మేకుకు తగిలించాలంటాడు.

కిరాణా కొట్టు కొడుక్కి అప్పజెప్పిన మర్నాడే వసారా గోడకు మూడు మేకులు కొట్టాడు. ఒకటి ఈ పొద్దు పనికి, ఒకటి రేపటి పనికి, మూడోది వేరేవాళ్లు చేసిపెట్టాల్సిన పనికి. గ్యాస్ బుక్ చేయాలంటే లైటర్ వేలాడుతుంది. పని అయ్యేదాకా దాన్ని దించకూడదు. అది శాసనం. అనుభవించేది మాత్రం భార్య రాజ్యలక్ష్మమ్మ.

"ఏమయ్యా, లైటర్ లేకుండా పొయ్యి ఎట్ల ముట్టిచ్చేది?"

"అగ్గిపెట్టె లేదా?"

"దాన్నీ రేపటి మేకుకు తగిలిస్తివి కదా!"

ప్రొద్దుటూరులో మేనల్లుడి పెళ్లి మరిచిపోకూడదని పట్టు చొక్కా తగిలించాడు. పెళ్లి ఇంకా కాలేదు కాబట్టి చొక్కా దించలేదు. నూనె మరకల చొక్కాతోనే వెళ్లి అక్షింతలు వేసొచ్చాడు. ఇంటికొచ్చాక "పనైపోయింది" అని పట్టు చొక్కా తొడుక్కుని పడుకున్నాడు.

ఈమధ్య మూడో మేకు బరువుకు వంగిపోయింది. టార్చి, తాళం, గొడుగు, ఏది చెడినా బాగుచేసిపెట్టమని వీధి చివరి ఏసన్నకే కబురు. ఏసన్న ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలేవాడు. లారీ బోల్తాపడి కాలు విరిగింది. అది అతుక్కుని చాలా కాలమైంది.

"మనిషి మాత్రం మంచం దిగడంల్యా అక్కా. గోడ తిక్కు తిరిగి పండుకుంటాడు. నాకు బయమైతాంది," అని అతని భార్య జీవమ్మ కళ్లు తుడుచుకుంది.

రాజ్యలక్ష్మమ్మ మొగుడి మీద విరుచుకుపడింది. "అట్లాంటాయప్పను దినామూ పిలిచి సతాయిస్తాండావే!"

"పని పనే," అన్నాడు శెట్టి.

ఒక మధ్యాహ్నం ఆమె వసారాలోకి వచ్చేసరికి శెట్టి గొంతుక్కూచుని, బాగున్న స్టూలు కాలు ఊడబీకుతున్నాడు.

"ఏం పోయేకాలమయ్యా నీకు!"

"మెల్లగా! ఏసన్న వచ్చే యాళ. ఊరికే రమ్మంటే రాడు. మనం పోతే గోడ తిక్కు తిరుగుతాడు. పని ఉండాదంటే కర్ర పట్టుకోని వస్తాడు." శెట్టి నిట్టూర్చాడు. "ఇంక ఇంట్లో చెడగొట్టేదానికే ఏమీ మిగల్లేదు. అదే దిగులు."

ఆమె లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ఎవరూ పిలవకుండానే ఏసన్న గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఏమప్పా శెట్టీ, కబురే పంపలేదు? అన్నీ బాగుండాయా?"

శెట్టి ఖాళీ మేకు వంక చూశాడు.

"యాడ బాగుండాది ఏసన్నా!" అంటూ రాజ్యలక్ష్మమ్మ కుక్కరు పట్టుకొచ్చింది. "పిడి ఊడొచ్చింది. స్క్రూ యాడ పడిపోయిందో ఏమో."

"ఏం కొంపమ్మా మీది! నేను లేకుంటే ఎట్ల బతుకుతారు?" ఏసన్న విసుక్కుంటూ, వెలిగిపోతూ కుక్కరు అందుకున్నాడు. "ఉండండి, బజారుకు పోయి కొత్త స్క్రూ తెస్తా."

వీధి మలుపు తిరిగేదాకా జీవమ్మ తన గడపలో నిలబడి అతన్నే చూస్తోంది. రాజ్యలక్ష్మమ్మ కొంగు ముడి విప్పి, స్క్రూ తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"దాచిపెట్టు. రేపు మిక్సీ సంగతి నేను సూసుకుంటా."