తెలుస్తాంది మేడం

నేను కల్లు గీసేటోణ్ణి. ఇరవై ఏండ్లు తాటిచెట్లెక్కిన. ఓ వానకాలం పొద్దున, తడిసిన చెట్టు మీద నడుముకు కట్టుకున్న మోకు జారింది. కిందపడ్డ. వెన్ను ఇరిగింది. అప్పటిసంది బొడ్డు కింద నాది కాదు. కాలు మీద ఈగ వాలితే కండ్లతోని చూస్తేనే తెలుస్తది.

ఊర్లె మా ఇంటికి ఐదు మెట్లుంటయి. అందుకని టౌన్ల, కాశిబుగ్గల, కింది రూం కిరాయికి తీసుకున్నం, దవాఖాన గూడ దగ్గర. ఆ రూంకు ఒక్కటే కిటికీ, దానికి ఎదురంగ పక్కింటోళ్ళ గోడ. చెట్టు మీదికెల్లి మూడు ఊర్ల పొలాలు చూసినోణ్ణి, ఆ గోడకు సున్నం ఏడేడ రాలిందో చెప్పేటట్టయిన. పుండ్లు కాకుంట రెండు గంటలకోసారి నా పెండ్లాం వచ్చి నన్ను పక్కకు తిప్పాలె. తిప్పితే గోడ పోయి తలుపు కనవడ్తది. అదే నా ఊరు తిరుగుడు. కోపమొస్తే అరుస్త. అరిసి ఏం లాభం, తలుపు ఇసిరికొట్టి బయటకు పోయే భాగ్యం గూడ లేకపాయె!

గట్లున్నప్పుడు దవాఖానల నన్ను చూసే డాక్టరమ్మ చెప్పింది, మూలకణాల పరీక్ష ఒకటి జరుగుతాందని. తుంటి బొక్కల మూలుగ తీసి, అందులకెల్లి కణాలు ఏరి, సూదితోని వెన్నులకు ఎక్కిస్తరట.

"ఇది పక్కా మందు కాదన్నా. పని చేస్తదా లేదా అని చూస్తానం, అంతే. సగం మందికి కణాలు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికేది పోతదో నాకు గూడ తెల్వది" అని ఒకటికి మూడుసార్లు చెప్పింది. నేను సంతకం పెట్టిన. నా పెండ్లాం చెవుల మాత్రం ఒక్కటే ముక్క పడ్డది, నా మొగడు లేస్తడని.

సూది వేసిన మూడు నెలలకు చూసిండ్రు. డాక్టరమ్మ చేతుల ఒక పిన్ను. "కండ్లు మూసుకో అన్నా. గుచ్చినట్టు తెలిస్తే చెప్పు" అన్నది. కడుపు మీద తెలిసింది. బొడ్డు దాటినంక ఏం లేదు. నా కాళ్ళ దిక్కు నా పెండ్లాం నిలబడ్డది. పిన్ను తాకినప్పుడల్లా ముందుకు వంగుతాంది, గాజులు గల్లుమంటానయి. పిన్ను ఎప్పుడు తాకిందో ఆ గాజులే నాకు చెప్పవట్టె. పాపం డాక్టరమ్మ పొద్దటిసంది తిండి లేకుంట నిలబడ్డది, అన్నా అన్నా అని ఎంత మర్యాద! ఎంతసేపని ఆమెకు లేదు లేదు అని చెప్పాలె? మాది పాడు మొహమాటం. చుట్టాలింట్ల కూరల ఉప్పెక్కువైనా మంచిగున్నదనే తింటం. మోకాలు కాడ గాజులు గల్లుమన్నయి.

"తెలుస్తాంది మేడం" అన్న.

నా పెండ్లాం బొళ్ళున ఏడ్సింది. కొంగుతోని కండ్లు తుడుసుకుంటాంటే గాజులు మోగుతనే ఉన్నయి. డాక్టరమ్మ ఇంకో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ తెలుస్తాందనే అన్న.

మాపటికి వాడంత తెలిసింది. పక్కింటి వదిన కొబ్బరికాయ కొట్టి పట్టుకొచ్చింది. అందరి ముంగట నవ్విన. లోపల మాత్రం థూ నీ బతుకు అని నన్ను నేనే తిట్టుకున్న.

రెండు వారాలకు దవాఖానకెల్లి ఆటోల చక్రాల కుర్చీ పంపిండ్రు. నా కొలతకు చేసింది, నా చేతులతోని నేనే తోసుకోవచ్చు. దాన్ని దింపుతాంటే మంచంలకెల్లి చూసిన. గల్లీ చివరిదాకా పోవాలె, చాయ్ హోటల్ కాడ ఆగాలె, ఎవనితోనన్న లొల్లి పెట్టుకోవాలె. పాణం కొట్టుకున్నది. నా పెండ్లాం తలుపుకు అడ్డం నిలబడ్డది.

"మాకెందుకు తమ్మీ? మా ఆయన కాళ్ళకు తెలుస్తాంది. కుర్చీల కూసుంటే మల్ల లేవబుద్ధి గాదు. లేవలేనోళ్ళకు ఎవలకన్న ఇయ్యిండ్రి" అన్నది.

 కుర్చీ కావాలంటే కాళ్ళ సంగతి చెప్పాలె. ఆటో కుర్చీతోనే వాపసు మర్రిపోయింది. చెట్టు నన్ను మంచంల పడేసింది నిజమే గని, గొళ్ళెం పెట్టుకున్నది నేనే. అటెన్క ఆమె పొద్దుమాపు నా కాళ్ళకు నూనె రాస్తది, "నిన్నటి కంటే ఇయ్యాల ఎక్కువ తెలుస్తాందా?" అని అడుగుతది. "జర ఎక్కువే" అంట. ఆమె ఇంక గట్టిగ రాస్తది. మూడు నెలలు ఇదే కథ.

మల్ల పరీక్ష దినమొచ్చింది. నా పెండ్లాన్ని బయట నిలబడుమన్న. కండ్లు మూసుకున్న. గాజుల సప్పుడు లేదు. గుచ్చుతాందో లేదో ఏమెరుక? కొంచెం సేపయినంక కండ్లు తెరిసిన. పిన్ను మోకాలి మీదనే ఉన్నది.

"తెలుస్తలేదు మేడం. అప్పుడు గూడ తెల్వలే. అబద్ధం చెప్పిన. తిట్టుండ్రి."

ఆమె తిట్టలే. కాయితాలు తిరగేసింది. "ఆ దినం నేను రెండుసార్లు తాకకుంటనే అడిగిన అన్నా. రెండుసార్లూ తెలుస్తాందన్నవ్. ఈ జవాబులు లెక్కలకు తీసుకోవద్దని అప్పుడే రాసి పెట్టిన. ఆ సంగతి మీకు చెప్పొద్దు, పరీక్ష పద్ధతి అది. కుర్చీ వాపసు పంపిండ్రని మాత్రం నాకు తెల్వనే తెల్వది."

అంటే కాయితం మోసపోలే. మోసపోయింది మా ఇల్లొక్కటే.  ఆమె చెప్తనన్నా వద్దని, నా పెండ్లాన్ని నేనే లోపలికి పిలిసిన.

"నాకేం తెలుస్తలేదే. ఎన్నడూ తెల్వలే. నాకు ఆ కుర్చీ కావాలె" అన్న.

"ఏమంటానవ్?" అన్నది. మల్ల చెప్పిన. ఆమె మొఖం ఎర్రగయింది. "మూడు నెలలు నన్ను పిచ్చిదాన్ని జేస్తివి గదరా!" అని చెయ్యి లేపి నా తొడ మీద ఒక్కటిచ్చింది. రూమంత సప్పుడు. డాక్టరమ్మ ఉలిక్కిపడ్డది. నా పెండ్లాం కండ్లు నా మొఖం మీదికెల్లి తియ్యలే.

"నొచ్చిందా?" అని అడిగింది. గొంతుల ఇంక ఆశ ఉన్నది.

"లేదే" అన్న.

మంచం అంచుకు కూసున్నది.  తర్వాత నా లుంగీ సర్ది, డాక్టరమ్మ దిక్కు తిరిగింది.

"ఆ కుర్చీ ఎవలకన్న ఇచ్చేసిండ్రా మేడం?"