బోర్లించిన గిన్నె

మా ఆసుపత్రి కథ చెప్పమంటే ఎవరైనా డాక్టరుగారితో మొదలుపెడతారు. నేను వంటల షెడ్డుతో మొదలుపెడతాను. డాక్టరుగారు వచ్చేనాటికి అక్కడున్నవి రెండు పెంకుటి గదులు, ఒక సైకిలు. సైకిలు కూడా ఆయన తెచ్చుకున్నదే. నాగాయలంక నుంచి చల్లపల్లి వెళ్ళే దారిలో, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్న గదులవి. ఒకరు పెంకులిచ్చారు, ఒకరు ఇసుక తోలారు, చర్చివాళ్ళు బల్లలిచ్చారు. మా తాతయ్య సరుగుడు గుంజలిచ్చాడు. వాటితో గదుల వెనక, రోగుల తాలూకువాళ్ళు వండుకోవడానికి ఒక షెడ్డు వేశారు. మందుల బీరువా ఆ తర్వాత వచ్చింది. మా వైపు ముందు అన్నం సంగతి తేలాలి, జబ్బు సంగతి తర్వాత.

ఆ ఆసుపత్రి నాతోపాటే పెరిగింది, నాకంటే బాగా పెరిగింది. నేను పుట్టేసరికి కాన్పుల గది వచ్చింది. జామచెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకునేసరికి ఎక్స్‌రే మిషను వచ్చింది. అది నాకోసమే తెప్పించారని బడిలో కొన్నాళ్ళు చెప్పుకున్నాను. డిగ్రీ పరీక్షలు రెండోసారి రాసేనాటికి పై అంతస్తు, ఆపరేషన్ థియేటరు, భయంతో ఎవరూ ఎక్కని లిఫ్టు. షెడ్డు మాత్రం అలాగే ఉంది. ఆరు పొయ్యిలు, మసిబారిన మా తాతయ్య గుంజలు.

ఆ షెడ్డుకి ఒక పద్ధతి ఉండేది. ఆసుపత్రిలో వండిన గిన్నెని ఇంటికి తీసుకుపోకూడదు, జబ్బు వెంట వస్తుందంటారు. మనిషి కోలుకుంటే గిన్నె తోమి, పొయ్యి పక్కన వెల్లకిలా పెట్టి వెళ్ళాలి. తర్వాత వచ్చినవాళ్ళు అందులో వండుకుంటారు. మనిషి పోతే గోడవార బోర్లించి వెళ్ళాలి. దాన్ని ఇంకెవరూ ముట్టరు. ఆఫీసులో ఫైళ్ళకి చెదలు పట్టాయి గానీ, గోడవార లెక్క మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. తాతయ్య గుంజలిచ్చాడన్న గొప్పే తప్ప, ఆ గుంజల కింద ఏం జరుగుతుందో మా ఇంట్లో మగాళ్ళెవరికీ తెలియదు.

కొన్నేళ్ళ కిందట, వానాకాలంలో, నాన్నని అక్కడ చేర్పించాం. సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు.

"ముప్ఫై ఏళ్ళు పడవలో ఉన్నా లోపలికి రాని నీళ్ళు, ఇంట్లో కూర్చుంటే వచ్చాయంట్రా," అన్నాడు నాన్న.

"ఇంట్లో ఎప్పుడు కూర్చున్నావులే," అంది అమ్మ.

డాక్టరుగారు నన్ను వరండాలోకి పిలిచి, విజయవాడ తీసుకెళ్ళినా ఇంతకుమించి చేసేదేమీ లేదు బాబూ అన్నారు. ఆ మాట అమ్మకి చెప్పలేదు. అమ్మకి కావలసింది ఒక్కటే. నాన్నని నడిపించుకుంటూ బస్సెక్కించాలి, తను తెచ్చిన అన్నం గిన్నె పొయ్యి పక్కన వెల్లకిలా పెట్టి వెళ్ళాలి. పక్క పొయ్యి ఆవిడ చల్లపల్లి నుంచి కూతురి కాన్పుకి వచ్చింది. "వెళ్ళేటప్పుడు ఈ గిన్నె మీకే ఇచ్చి వెళ్తాను వదినగారూ, అన్నం మాడదు," అని ఆవిడకి ముందే మాటిచ్చేసింది అమ్మ.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మ నాన్నకి అన్నం తినిపిస్తుంటే, నేను షెడ్డులోకెళ్ళి గిన్నె తోమాను. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. శుభ్రంగా తోమి, నీళ్ళు కారిపోతాయని గోడవార బోర్లించాను.

షెడ్డులో మాటలు ఆగిపోయాయి. నా పనితనానికే అనుకున్నాను. చల్లపల్లి ఆవిడ గరిటె కింద పెట్టి వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది.

"పొద్దున్న కూడా బాగానే మాట్లాడాడు కదయ్యా మీ నాన్న."

"ఇప్పుడూ మాట్లాడుతున్నాడండీ. అన్నం మెత్తగా లేదని అమ్మని తిడుతున్నాడు."

ఆవిడ గిన్నె వైపు చూసింది. అప్పుడు చెప్పింది పద్ధతేమిటో. చెబుతుండగానే అమ్మ వచ్చింది. గోడవైపు చూసింది. వంగి గిన్నె తీసి, వెల్లకిలా తిప్పి, లోపలి తడి పైటకొంగుతో తుడిచింది.

"నీళ్ళు కారతాయని పెట్టానమ్మా," అన్నాను.

"సర్లే."

నా దగ్గర మందు ఒక్కటే ఉండేది, దేన్నైనా జోకు చేసేయడం. నాన్నకి చెప్పాను.

"అప్పుడే పంపించేశావేంట్రా," అని నవ్వాడు నాన్న. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, "మీ అమ్మ చూసిందా?" అని అడిగాడు. చూసిందన్నాను. ఇక నవ్వలేదు.

ఆ తర్వాత నాలుగో రోజు పొద్దున నాన్న పోయాడు. డాక్టరుగారు వరండాలో చెప్పింది నాకు గుర్తుంది. గిన్నెకీ దానికీ సంబంధం లేదని ఎవరైనా చెబుతారు, నేనూ చెబుతాను. చెప్పాల్సిన మనిషికి మాత్రం చెప్పలేదు.

వ్యాను వచ్చి నిలబడింది. అమ్మ షెడ్డులోకి వెళ్ళింది, వెనకే నేను. గిన్నె తోమింది. ఆడవాళ్ళు గోడవారన చోటిచ్చి పక్కకి తప్పుకున్నారు. అమ్మ దాన్ని తీసుకెళ్ళి చల్లపల్లి ఆవిడ పొయ్యి పక్కన వెల్లకిలా పెట్టింది.

"వదినగారూ, బోర్లించాలి కదండీ," అంది ఆవిడ మెల్లగా.

"మావాడు ఒకసారి బోర్లించాడుగా," అంది అమ్మ. "ఇక చాల్లెండి."

నన్ను తప్పించడానికి అందో, తప్పు నా మీద పెట్టడానికి అందో ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం లేదు. జోకు చేద్దామని చాలాసార్లు చూశాను, కుదరలేదు.

మరుసటేడు కొత్త బ్లాకు కోసం షెడ్డు పీకేశారు. గిన్నెలన్నీ ఒకే ట్రాక్టర్లో వేశారు, ఏది ఎటు తిరిగి ఉండేదో ఇక ఎవరికీ తెలియదు. ఆ స్థానంలో స్కానింగు వచ్చింది, పక్కన క్యాంటీను. బయటి నుంచి అన్నం తేకూడదని బోర్డు కూడా పెట్టారు. ఇప్పుడు విజయవాడ వెళ్ళక్కర్లేకుండా అక్కడే చాలామంది బతుకుతున్నారు. అది మంచిదే, కాదనను.

ఇంట్లో అమ్మ గిన్నెలు తోమాక ఒక్కొక్కటీ పాత చీర ముక్కతో తుడిచి వెల్లకిలా పెడుతుంది. నేను తోమినా నా చేతిలోంచి తీసుకుని తనే తుడుస్తుంది. ఒక్కటీ బోర్లించదు. వానాకాలంలో ఆ గుడ్డలు ఆరడం లేదని మాత్రం నన్ను తిడుతుంది.