పిందెకు వేలు చూపించిన ఏడాది

మా చిన్నప్పుడు... పిందెకు వేలు చూపించకూడదనేవారు. నిటారుగా చూపిస్తే ఆ పిందె కుళ్ళి రాలిపోతుందట! అందుకే వేలు మడిచి మెటికతో చూపించేవాళ్ళం... "అగో, గా ఆకు కింద సూడు" అని.

నేను చెప్పే చిన్నతనం పెళ్ళయ్యాకదే. పదమూడేళ్ళకే పటాన్‌చెరులో ఒక షావుకారింటికి కోడలిగా వచ్చాను. మా పుట్టిల్లు జిన్నారం దగ్గర పల్లె. చదువు నాలుగో తరగతితో ఆగింది. ఎవరైనా పలకరిస్తే తల దించుకోవడం తప్ప మాట వచ్చేది కాదు.

ఇంటి ముందు భాగం దుకాణం. కోడళ్ళు అటు వెళ్ళకూడదు. వెనక పెరడు, చేదబావి, నా తలకంటే రెండు మూరల ఎత్తు గోడ... ఆ గోడకు చిన్న తలుపు. దాని తాళంచెవి మా అత్తమ్మ కొంగుకు ఉండేది. అవతల రోడ్డు మీద బస్సుల చప్పుడు, అప్పుడప్పుడే మొదలైన ఫ్యాక్టరీ సైరన్... అన్నీ వినడమే గానీ చూసింది లేదు. మా ఊరి వైపు వెళ్ళే బస్సు ఏదై ఉంటుందా అని చెవి ఒగ్గి వినేదాన్ని.

పెరడు పనంతా నాదే. మృగశిర కార్తెలో మిరుగం వాన పడగానే ఆనప, బీర, గుమ్మడి గింజలు పెట్టి పందిరి వేయాలి. చలికాలానికి చిక్కుడు, వంకాయ, టమాట. ఎండలకు పుంటికూర, తోటకూర... తిన్నన్ని తిని, మిగిలిన వంకాయలు, చిక్కుళ్ళు కోసి ఎండబెడితే ఒరుగులు. పద్నాలుగు మంది తినే ఇల్లు. బయట కూరగాయలు కొనడం మా అత్తమ్మకు నామోషీ.

నా చేతిలో ఏముందో గానీ, ఏది పెట్టినా విరగ కాసేది. అదే నా కొంప ముంచింది!

నన్ను పుట్టింటికి తీసుకుపోదామని మా నాయన చిక్కుడు పూతప్పుడు వచ్చాడు. "పూత మీదున్నది అన్నా, ఈ పిల్ల లేకుంటే పేనుబంక పడ్తది" అంది అత్తమ్మ. ఎండల్లో మళ్ళీ వచ్చాడు. "ఒరుగులు ఎండినంక నేనే తోలిస్త" అంది. మా ఆయన్ని అడిగితే "అమ్మనడుగు" అని దుకాణంలోకి వెళ్ళిపోయేవాడు.

అలా ఏడాదిన్నర...

బతుకమ్మ దగ్గర పడింది. మా ఊరి ఆడపిల్లలంతా వచ్చే పండుగ. మొదటిసారి నేనే అడిగాను.

"అత్తమ్మా... బతుకమ్మకు పోనా?"

"పందిరి నిండ ఆనప పిందెలున్నయి గద బిడ్డా. కాయ దిగనీ. ఇగ నిన్నెవ్వరాపుతరు?"

కాయ దిగేసరికి పండుగ దాటిపోతుంది. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

మరి పిందెలే లేకపోతే?

మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీస్తుంటే పందిరి కిందికి వెళ్ళాను. అలవాటు కొద్దీ వేలు మడిచే లేచింది... బలవంతాన చాపాను. ఒక్కో పిందెకు గురిపెట్టి చూపించుకుంటూ పోయాను. అన్నిటికీ! బావి వైపు మూలకు నూగు నూగుగా వేలాడుతున్న చిన్నదానికి మాత్రం చూపించలేకపోయాను. మనసొప్పలేదు.

తర్వాత రోజూ పొద్దున్నే లేచి చూసుకునేదాన్ని. రాలలేదు. కుళ్ళలేదు. రోజురోజుకూ నిగనిగలాడుతూ పెరిగాయి... నేను వేలు చూపించని ఆ ఒక్కటే కుళ్ళి రాలిపోయింది!

పండుగ మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మకు ముందు రోజు మా నాయన వచ్చాడు. అత్తమ్మ పందిరి చూపించింది... వేలు మడిచే. "చూడు అన్నా, నీ బిడ్డ చెయ్యి ఎంత చలువదో! గిట్ల కాస్తుంటె ఎట్ల పంపాలె?" అని నవ్వింది. మా నాయనకు ఎదురు చెప్పడం రాదు. "గంతే గదా చెల్లెమ్మా" అన్నాడు. కూతుర్ని తీసుకుపోదామని వచ్చిన మనిషి, ముందుగా దిగిన రెండు ఆనపకాయలు సంచిలో వేసుకుని తిరిగి వెళ్ళిపోయాడు.

బావి దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకున్నాను. వెనక అత్తమ్మ గొంతు.

"ఏమే... గా దినం వేలు నొయ్యలేదా?"

ప్రాణం పోయినంత పనైంది. చూసిందన్నమాట!

తిట్టలేదు. నా పక్కనే బావి గట్టు మీద కూర్చుంది. "నేను గూడ చూపిచ్చిన. మా అత్త పెట్టిన గుమ్మడి తీగకు. ఆ యేడాది గుమ్మడికాయలు ఇంట్ల పట్టక వాడకంత పంచిన్రు." తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "ఇగ లే. పొయ్యి మీద పప్పు మాడుతున్నది."

అంతే. తాళంచెవి ఆమె కొంగుకే ఉంది.

ఆ వచ్చిన ఎండాకాలంలో ఎనిమిది రోజుల కోసం పుట్టింటికి పంపింది. ఐదో రోజు మబ్బు పట్టింది. "అమ్మా, నేను పోవాలె... గింజలు పెట్టాలె" అన్నాను. మా అమ్మ నా మొహంలోకి చూసింది. ఎందుకన్నానో నాకే తెలియదు. నిజంగా గింజల మీదే ఉంది మనసు...

ఇప్పుడు కిష్టారెడ్డిపేటలో మా అబ్బాయి ఫ్లాట్. బాల్కనీలో నాలుగు కుండీలు. గోడ లేదు, తాళం లేదు, వెళ్ళొద్దనే వాళ్ళు లేరు. వెళ్దామంటే నాయన లేడు, అమ్మా లేదు.

మొన్న మా మనవరాలు టమాట పిందెకు వేలు నిటారుగా చాపి "నానమ్మా, చూడు!" అంది. చటుక్కున ఆ వేలు పట్టుకుని మడవబోయాను... ఎందుకో వదిలేశాను. చూపించుకోనీ.

మీ ఇళ్ళల్లోనూ పిందెలకు వేలు చూపించొద్దనేవారా? ఎవరైనా... కావాలనే చూపించారా? ఉంటే చెప్పండి. మా అత్తమ్మ, నేను... ఇద్దరమే కాదని తెలిస్తే బాగుంటుంది.